ఉపాధ్యాయులే పాఠ్య రచయితలు: కంప్యూటర్ పాఠాల తయారీకి సులభ సాఫ్ట్‌వేర్ ఉపకరణాలు

పాఠశాలకు కంప్యూటర్లు చేర్చడం ఒక ఎత్తు, ఆ కంప్యూటర్లలో తరగతికి పనికివచ్చే పాఠం చేర్చడం మరొక ఎత్తు. మొదటిది టెండరు ద్వారా నిర్ణీత గడువులో పూర్తయ్యే పని. రెండవది ఏటేటా, ప్రతి తరగతికి, పాఠ్యపుస్తకం మారినప్పుడల్లా కొనసాగవలసిన పని. ఈ రెండవ పనిని కేవలం సాఫ్ట్‌వేర్ సంస్థలకు వదలివేయకుండా, ప్రోగ్రామింగ్ తెలియని ఉపాధ్యాయులు సైతం స్వయంగా చేసుకొనుటకు వీలు కల్పించే ఉపకరణాలు గత ఆరు దశాబ్దాలుగా రూపుదిద్దుకొంటూ వచ్చినవి. వీటిలో అధిక భాగం నేడు ఉచితంగా లభిస్తున్నవి. వీటి పుట్టుపూర్వోత్తరాలు, పనితీరు, తెలుగులో వాడునప్పుడు ఎదురయ్యే ప్రత్యేక సమస్యలు, ఎంపిక సమయంలో పరిశీలించవలసిన అంశాలు పాత్రికేయుల, విద్యాశాఖ అధికారుల సౌకర్యార్థం ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

ఇటువంటి సాఫ్ట్‌వేర్‌ను ఆంగ్ల పరిభాషలో ఆథరింగ్ టూల్ అని వ్యవహరిస్తారు. పాఠాన్ని చూపించే సాఫ్ట్‌వేర్ వేరు, పాఠాన్ని రాయించే సాఫ్ట్‌వేర్ వేరు. ఆథరింగ్ టూల్ ఈ రెండవ కోవకు చెందినది. ఉపాధ్యాయులు ప్రశ్న, జవాబు, చిత్రం, వివరణ నింపుతారు. విద్యార్థి మౌసు నొక్కినప్పుడు ఏమి జరగవలెనో నిర్దేశించే సంకేత భాషను ఉపకరణమే రాసుకొంటుంది. ప్రోగ్రామింగ్ అనిన వెంటనే వెనుకాడే మా వంటి ఆర్ట్స్ పట్టభద్రులకు కూడా ఇవి ఒకటి రెండు రోజులలో పట్టుబడుతాయనుటలో అతిశయోక్తి లేదు.

ఉపాధ్యాయుడే ఎందుకు రాయవలెను?

ఆరవ తరగతి గణితంలో సగానికి మూడవ వంతును కలిపితే ఎంత అను ప్రశ్నను తీసుకొందాము. సరియైన జవాబు 5/6. ఈ ప్రశ్నకు నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకొమ్మని అడిగే కంప్యూటర్ పాఠాన్ని ఏ సంస్థ అయినా తయారు చేయగలదు. అయితే తరగతిలో పిల్లలు అధికంగా రాసే తప్పు జవాబు 2/5 అని, లవాలకు లవాలను, హారాలకు హారాలను కలిపివేయడం వలన అది వచ్చినదని ప్రతిరోజూ నోటుపుస్తకాలు దిద్దే ఉపాధ్యాయులకే తెలియును. హారాల క.సా.గు. కనుగొని అక్కడితో ఆగిపోయిన విద్యార్థి 1/6 అని రాయును. ఈ రెండు తప్పులకు కారణాలు వేరు, సవరించే మాటలు కూడా వేరు.

మంచి ఆథరింగ్ టూల్‌లో ప్రతి తప్పు జవాబు పక్కన ఒక ఖాళీ గడి ఉంటుంది. విద్యార్థి ఆ జవాబు ఎంచుకొన్నప్పుడు తెరపై కనిపించవలసిన వివరణను అందులో రాయవచ్చును. 2/5 ఎంచుకొన్న విద్యార్థికి, "సగం కంటే నీ జవాబు చిన్నదా, పెద్దదా? సగానికి మరికొంత కలిపినప్పుడు వచ్చేది సగం కంటే తగ్గునా?" అను ప్రశ్న కనిపించినచో ఆ పాఠం తన పని తాను చేసినట్లే. గడి ఖాళీగా వదలివేసినచో విద్యార్థికి కనిపించేది "తప్పు, మరల ప్రయత్నించుము" అను మాట మాత్రమే. మార్కెట్‌లో లభించే అనేక పాఠాలు ఈ రెండవ రకానికి చెందినవే. చిత్రాలు కదులుట, సంగీతం వినిపించుట వలన పాఠానికి ఆకర్షణ వచ్చునేమో గాని, ఈ ఖాళీ గడి నిండనిదే బోధన జరిగినట్లు కాదు. ఉపకరణాలు సులభంగా ఉండవలెనని కోరుటకు ముఖ్య కారణం ఇదియే. తప్పు ఎక్కడ పుట్టునో తెలిసిన వ్యక్తి చేతికి కలం అందవలసి యున్నది.

పుట్టుపూర్వోత్తరాలు

అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్ ఆధ్వర్యంలో 1960లో ప్రారంభమైన ప్లేటో వ్యవస్థ కంప్యూటర్ ద్వారా బోధనకు తొలి పెద్ద ప్రయత్నంగా పేర్కొనవచ్చును. తొలినాళ్లలో ఒక్కొక్క పాఠాన్ని ప్రోగ్రామర్లే రాయవలసి వచ్చెడిది. ఈ ఇబ్బందిని గమనించిన పాల్ టెంజర్ అను జీవశాస్త్ర పరిశోధక విద్యార్థి పాఠాలు రాయుటకే ప్రత్యేకంగా ట్యూటర్ అను భాషను 1967లో రూపొందించినాడు. ఇంచుమించు అదే దశకంలో కాలిఫోర్నియాలో జాన్ స్టార్క్‌వెదర్ అను మనస్తత్వ శాస్త్రవేత్త పైలట్ అను మరింత చిన్న భాషను తీర్చిదిద్దినాడు. తెరపై చూపు, జవాబు తీసుకో, సరిపోల్చు అను పనులకు ఒక్కొక్క అక్షరమే ఆదేశంగా ఉండుట దాని ప్రత్యేకత. ఈ ఇద్దరూ వృత్తిరీత్యా కంప్యూటర్ నిపుణులు కారు, బోధనావసరం కొద్దీ ఈ పనికి పూనుకొన్నవారు.

ఆదేశాలు టైపు చేసే అవసరం కూడా లేకుండా, కార్డులు పేర్చినట్లుగా తెరలను పేర్చి, బొత్తాలతో ఒకదానికొకటి ముడివేసే పద్ధతిని ప్రజాదరణలోకి తెచ్చినది బిల్ అట్కిన్‌సన్ రూపొందించిన హైపర్‌కార్డ్. యాపిల్ సంస్థ దీనిని 1987లో విడుదల చేసినది. విద్యారంగంలో విశేషంగా వాడుకలో ఉన్నప్పటికీ 2004లో ఆ సంస్థ దీని విక్రయాన్ని నిలిపివేసినది. అప్పటివరకు ఉపాధ్యాయులు తయారు చేసుకొన్న కట్టలు కొత్త యంత్రాలలో తెరుచుకొనలేదు. ఉపకరణంతో పాటు పాఠం కూడా అంతరించుట ఆ తరువాత మరింత పెద్ద ఎత్తున పునరావృతమైన సంగతి ముందు వివరించడమగును.

మన దేశంలో పాఠశాలలకు కంప్యూటర్లు 1984-85లో కేంద్ర ప్రభుత్వం చేపట్టిన క్లాస్ పథకంతో ప్రవేశించినవి. బ్రిటన్‌లో పాఠశాలల కొరకు రూపొందిన బి.బి.సి. మైక్రో కంప్యూటర్లను అప్పట్లో ఎంపిక చేయడమైనది. 2004 డిసెంబరులో ప్రారంభమైన ఐ.సి.టి. ఎట్ స్కూల్స్ పథకం, దానిని 2010లో సవరించిన తీరు, 2012లో వెలువడిన జాతీయ ఐ.సి.టి. విధానం ఈ పరంపరలోనివే. 2000 దశకంలో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ రూపొందించిన సీడీలు ఆంధ్రప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రాల ప్రభుత్వ పాఠశాలలకు చేరిన విషయం విద్యాశాఖలో పనిచేసిన వారికి విదితమే. ఆ దశకంలో "కంప్యూటర్ పాఠం" అనిన ఎక్కడో తయారై సీడీలో వచ్చే వస్తువుగానే ఎక్కువ మంది భావించిరి. ఉపాధ్యాయుల పని సీడీ పెట్టుట, తీయుట వరకే పరిమితమైనది.

వాడుకలో ఉన్న ఉపకరణాలు

పాఠశాలల్లో నేటికీ అత్యధికంగా వాడబడుతున్నది పవర్‌పాయింట్, లేదా దాని ఉచిత ప్రత్యామ్నాయమైన లిబ్రే ఆఫీస్ ఇంప్రెస్. వీటిని చులకనగా చూడవలసిన పని లేదు. ఒక తెర నుండి మరొక తెరకు లింకు కలిపినచో, తప్పు జవాబు నొక్కిన విద్యార్థిని వివరణ తెరకు, సరియైన జవాబు నొక్కిన విద్యార్థిని తరువాతి ప్రశ్నకు పంపవచ్చును. అయితే ప్రశ్నల సంఖ్య పది దాటినచో ఈ లింకుల అల్లిక చిక్కుపడును. మార్కులు లెక్కించుట కూడా కష్టసాధ్యము.

కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయంలో తయారైన హాట్ పొటాటోస్ ఈ లోటును చాలావరకు తీర్చినది. పేరు వినోదంగా ఉన్నప్పటికీ దీని పనితీరు మిక్కిలి క్రమబద్ధమైనది. బహుళైచ్ఛిక ప్రశ్నలు, ఖాళీలు పూరించుట, జతపరచుట, చిందరవందరగా ఉన్న పదాలను వాక్యంగా కూర్చుట, గళ్ల నుడికట్టు అను ఐదు రకాల అభ్యాసాలను విడివిడిగా తయారు చేసుకొని, వాటిని ఒక పాఠంగా గుదిగుచ్చుకొనుటకు మరొక విభాగం కలదు. ఉపాధ్యాయులు నింపిన వివరాలను ఇది సాధారణ వెబ్ పేజీగా మార్చి ఇచ్చును. ఆ పేజీని పెన్‌డ్రైవ్‌లో వేసి ఏ కంప్యూటర్‌లోనైనా బ్రౌజర్ ద్వారా తెరవవచ్చును, ఇంటర్నెట్ అవసరం లేదు. 2009 నుండి ఇది ఉచితంగా లభించుచున్నది. నేటి ఉపకరణాల పక్కన దీని తెరలు పాతకాలపువిగా కనిపించిననూ, పాత కంప్యూటర్లు, అరకొర ఇంటర్నెట్ ఉన్న గ్రామీణ ఉన్నత పాఠశాలకు ఇప్పటికీ నమ్మదగిన సాధనమే.

విడి అభ్యాసాలు కాక, పాఠ్యాంశం, చిత్రాలు, ప్రశ్నలు అన్నీ కలిగిన పూర్తి పాఠాన్ని పుస్తకం వలె అధ్యాయాలుగా కూర్చదలచిన వారికి ఎక్స్‌లెర్నింగ్ అనుకూలము. న్యూజిలాండ్‌లో ఉన్నత విద్యా నిధులతో ప్రారంభమైన ఈ ఉపకరణాన్ని తదుపరి స్పెయిన్ ప్రభుత్వ విద్యా సాంకేతిక సంస్థలు చేపట్టి అభివృద్ధి చేసినవి. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. తయారైన పాఠాన్ని వెబ్ పేజీల సంపుటిగాను, ఈ-పుస్తకంగాను, స్కార్మ్ ప్రమాణంలోను వెలికితీయవచ్చును. స్కార్మ్ అనగా ఒక ఉపకరణంలో చేసిన పాఠం మరొక సంస్థ బోధనా వేదికలో కూడా పనిచేయుటకు, విద్యార్థి మార్కులు అందులో నమోదగుటకు ఏర్పరచుకొన్న కట్టుబాటు. దీని 1.2 రూపం 2001లో వెలువడినది, నేటికీ విస్తృతంగా వాడుకలో ఉన్నది.

నార్వేలో 2013 ప్రాంతంలో ప్రారంభమైన హెచ్5పి ఈ తరం ఉపకరణాలలో ముందంజలో ఉన్నది. వీడియో నడుచుచుండగా మధ్యలో ఆగి ప్రశ్న అడుగుట, పటంపై పేర్లను లాగి అతికించుట, విద్యార్థి నిర్ణయాన్ని బట్టి కథ మలుపు తిరుగుట వంటి అనేక నమూనాలు ఇందులో సిద్ధంగా ఉన్నవి. మూడల్ అను ఉచిత బోధనా వేదికలో 2019 నవంబరులో విడుదలైన 3.8 రూపం నుండి ఇది అంతర్భాగమైనది. ఇంటర్నెట్ లేని చోట లూమి అను ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో ఉంచుకొని హెచ్5పి పాఠాలు తయారు చేసి, ఒకే ఫైలుగా భద్రపరచుకొనవచ్చును.

గణితానికి వచ్చినప్పుడు జియోజీబ్రా ప్రస్తావన లేకుండా ముందుకు సాగలేము. ఆస్ట్రియా దేశపు మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో తన పట్టాభ్యాసంలో భాగంగా దీనిని ప్రారంభించినాడు. నల్లబల్లపై ఉపాధ్యాయులు ఒక త్రిభుజం గీచి, మధ్యగతరేఖలు గీచి, మూడూ ఒకే బిందువు వద్ద కలియునని చెప్పుదురు. వెనుక బెంచీ విద్యార్థికి అది ఆ ఒక్క త్రిభుజానికి సంబంధించిన సంగతిగానే తోచును. జియోజీబ్రాలో శీర్షాన్ని పట్టుకొని తెరపై ఎటు లాగిననూ, త్రిభుజం ఎంత వికారంగా సాగిననూ, గురుత్వ కేంద్రం మధ్యగతరేఖను 2:1 నిష్పత్తిలోనే విభజించుచుండును. ఈ పాఠం తయారీకి పట్టే సమయం పది నిమిషాలు. 2021లో దీనిని బైజూస్ సంస్థ కొనుగోలు చేసినది, వాణిజ్యేతర వినియోగం ఉచితముగనే ఉన్నది. ఐ.ఐ.టి. బొంబాయి నిర్వహణలోని స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు జియోజీబ్రాతో సహా పలు ఉచిత సాఫ్ట్‌వేర్లపై భారతీయ భాషలలో శిక్షణ పాఠాలను అందుబాటులో ఉంచినది. విజ్ఞాన శాస్త్రాలకు కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ అనుకరణ ప్రయోగాలు ఇదే విధంగా ఉపయోగకరమైనవి. నోబెల్ బహుమతి గ్రహీత కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన ఈ ప్రయోగాలలోని తెరపై మాటలను ఉపాధ్యాయులే తమ భాషలోకి మార్చుకొనే వీలు కలదు.

ఇటీవల కృత్రిమ మేధ ఉపకరణాలు ఒక్క ఆదేశంతో తెలుగులో ప్రశ్నావళిని సిద్ధం చేయుచున్నవి. ముసాయిదాకు అవి ఉపకరించును. అయితే తప్పు జవాబుకు ఆ పిల్లవాడికి తగిన వివరణ, పారిభాషిక పదం మన పాఠ్యపుస్తకంలోని మాటతో సరిపోవుట వంటివి ఉపాధ్యాయులు సరిచూడనిదే తరగతికి పంపదగినవి కావు.

తెలుగులో తయారు చేయునప్పుడు

పై ఉపకరణాలలో అధికభాగం ఆంగ్లాన్ని దృష్టిలో ఉంచుకొని నిర్మించినవి. తెలుగులో పాఠం రాసిన ఉపాధ్యాయులకు ఎదురయ్యే చిక్కులు కొన్ని శిక్షణ పుస్తకాలలో కనిపించవు.

మొదటిది ఖతుల సమస్య. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం లభించిననూ, 2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఖతి వచ్చిన తరువాతనే సాధారణ కంప్యూటర్లలో తెలుగు యూనికోడ్ అందుబాటులోకి వచ్చినది. అప్పటికీ, ఆ తరువాత చాలా కాలం వరకు టైపింగ్ పని అను వంటి ఖతులలోనే సాగినది. ఈ ఖతులలో తెలుగు అక్షరం వెనుక దాగియున్నది ఇంగ్లీషు అక్షరం లేదా ఏదో ఒక గుర్తు మాత్రమే. ఆ ఖతి లేని కంప్యూటర్‌లో పాఠం తెరిచినప్పుడు అర్థరహితమైన గుర్తుల వరుస కనిపించును. పేజ్‌మేకర్‌లో పనిచేసిన పాత్రికేయ మిత్రులకు ఈ ఇబ్బంది కొత్త కాదు. యూనికోడ్‌లో టైపు చేసిన పాఠం ఫోనులోను, టాబ్‌లోను, తరగతి గది ప్యానెల్‌లోను ఒకే విధంగా కనిపించును, వెదుకుటకు దొరకును, తెర చదివే సాఫ్ట్‌వేర్ దానిని చదివి వినిపించగలదు. మండలి, ఎన్.టి.ఆర్., రామభద్ర, సూరన్న వంటి యూనికోడ్ ఖతులు నేడు ఎవరైనను ఉచితంగా వాడుకొనుటకు లభించుచున్నవి.

రెండవది సరిపోల్చే తీరు. ఖాళీలు పూరించు అభ్యాసంలో విద్యార్థి టైపు చేసిన జవాబును, ఉపాధ్యాయులు ఇచ్చిన జవాబుతో కంప్యూటర్ సంకేతం వెంట సంకేతంగా పోల్చును. ఉపాధ్యాయులు "వాళ్లు" అని రాయగా విద్యార్థి "వాళ్ళు" అని రాసినచో తప్పుగా పరిగణించును. తెలుగు ఉపాధ్యాయులెవ్వరూ దీనికి మార్కు తగ్గించరు. హాట్ పొటాటోస్ వంటి ఉపకరణాలలో ప్రతి ఖాళీకి ఒకటి కంటే ఎక్కువ ఆమోదయోగ్య రూపాలు ఇచ్చే సదుపాయం ఉన్నది, తెలుగు పాఠాలలో దీనిని తప్పనిసరిగా వాడవలెను. ఇంకొక సూక్ష్మమైన చిక్కు కలదు. కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగిసే పదం చివర కంటికి కనిపించని ఒక సంకేతాన్ని చేర్చును. "న్యూటన్" అను పదం తెరపై రెండు చోట్లా ఒకేలా కనిపించును, అయిననూ కంప్యూటర్ తప్పు అనును. విద్యార్థి మరల మరల అదే రాసి, అదే తిరస్కారం చూచి, తన జవాబే తప్పని నమ్మును. అలాగే తెలుగు అంకె సున్నను, అనుస్వారాన్ని చూపులో వేరుచేయుట కష్టం, కంప్యూటర్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు సంకేతాలు. ఈ కారణాల వలన చిన్న తరగతులకు టైపు చేసే అభ్యాసాల కంటే జతపరచే, లాగి అతికించే అభ్యాసాలే శ్రేయస్కరము.

మూడవది వాక్య నిర్మాణం. పదాలను క్రమంలో పెట్టు అభ్యాసం ఇంగ్లీషుకు చక్కగా సరిపోవును, ఎందుకనగా అక్కడ క్రమం మారినచో అర్థమే మారును. తెలుగులో "రాముడు సీతను చూచెను", "సీతను రాముడు చూచెను" అను రెండూ సరియైన వాక్యాలే. ప్రత్యామ్నాయ క్రమాలను ఉపాధ్యాయులు ముందే చేర్చనిచో ఉపకరణం మన భాషను ఇంగ్లీషు కొలబద్దతో కొలిచి పిల్లలకు మార్కులు కోయును. గళ్ల నుడికట్టులో సమస్య మరొక రూపం దాల్చును. "స్త్రీ" అనునది మనకు ఒక అక్షరం, యూనికోడ్‌లో అది ఆరు సంకేతాల కూర్పు. గడికొక సంకేతం లెక్కన విడగొట్టే ఉపకరణంలో ఈ పదం ముక్కలై ఆరు గళ్లలో పడును. తెలుగు నుడికట్టు కొరకు ఏ ఉపకరణం ఎంచుకొన్ననూ ముందుగా ఈ ఒక్క పదంతో పరీక్షించుట మంచిది.

ఫ్లాష్ నేర్పిన పాఠం

2000 దశకంలో కదిలే బొమ్మలతో వచ్చిన పాఠాలు ప్రపంచమంతటా అధికంగా ఫ్లాష్ అను సాంకేతికతపై ఆధారపడినవి. అడోబ్ సంస్థ 2020 డిసెంబరు 31తో దీనికి స్వస్తి పలికినది. 2021 జనవరి 12 నుండి ఫ్లాష్ ప్లేయర్‌లో ఏ పాఠమూ నడవకుండా నిరోధం అమలులోకి వచ్చినది. ముందు రోజు వరకు పనిచేసిన పాఠాల స్థానంలో బ్రౌజర్‌లో ఖాళీ చతురస్రం మిగిలినది. రఫుల్ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సహాయంతో పాత ఫ్లాష్ ఫైళ్లను కొంతవరకు నడిపించవచ్చును. ఫ్లాష్ చివరి తరం భాషలో రాసిన పాఠాలకు ఈ సహాయం పాక్షికమే.

ఇక్కడ గమనించవలసినది నష్టపోయిన తీరు. మూల ఫైళ్లు, అనగా సవరించుటకు వీలున్న ఫైళ్లు, చేతిలో ఉన్న సంస్థలు తమ పాఠాలను కొత్త రూపంలోకి మార్చుకొన్నవి. ఫెట్ ప్రయోగాలు జావా, ఫ్లాష్‌ల నుండి హెచ్‌టిఎంఎల్5కు మారినవి. తుది రూపం మాత్రమే సీడీలో ఉన్నవారికి ఆ అవకాశం లేకపోయినది. అందులోని తప్పు అంకెను దిద్దుటకు కూడా వీలు పడదు. పాఠ్యపుస్తకం మారినప్పుడు ఇదే సమస్య మరొక దిక్కు నుండి వచ్చును. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యా సంవత్సరం నుండి ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా ద్విభాషా పాఠ్యపుస్తకాలు ప్రవేశించినవి. మూల ఫైలు ఉన్న తెలుగు పాఠానికి ఇంగ్లీషు వాక్యాలు జోడించుట ఒక సాయంత్రపు పని. మూల ఫైలు లేని పాఠాన్ని మొదటి నుండి చేయవలసి ఉండును.

కంప్యూటర్ పరికరాలకు జీవితకాలం ఐదారేండ్లని అందరూ అంగీకరించి, తదనుగుణంగా బడ్జెట్ ప్రతిపాదనలు పంపుదురు. పాఠానికి కూడా ఒక జీవితకాలం ఉన్నదని, అది ఉపకరణం ఎంపిక నాడే నిర్ణయమగునని గుర్తించుట తక్కువ. విలేకరుల సమావేశాలలో ఎన్ని కంప్యూటర్లు, ఎన్ని ట్యాబులు అను ప్రశ్న తప్పక వినవచ్చును. ఎన్ని పాఠాలను వచ్చే ఏడాది ఉపాధ్యాయులు సవరించుకొనగలరు అను ప్రశ్న ఇంతవరకు వినుట అరుదు. ఆ ప్రశ్న అడుగదగినది, అధికారులు సమాధానం సిద్ధం చేసుకొనదగినది కూడా.

పంచుకొనే వేదికలు

ఒక ఉపాధ్యాయుడు చేసిన పాఠం మరొక మండలానికి చేరుటకు వేదిక అవసరం. ఎన్.సి.ఇ.ఆర్.టి. ఆధ్వర్యంలో 2013లో ప్రారంభమైన జాతీయ ఉచిత విద్యా వనరుల నిధి, క్రియేటివ్ కామన్స్ అనుమతి పత్రాన్ని ఆధారంగా చేసుకొన్నది. రచయిత పేరు చెప్పి, తిరిగి అదే షరతుపై పంచుకొనుటకు అంగీకరించిన వారెవరైననూ వనరును మార్చుకొని వాడుకొనవచ్చునని ఆ అనుమతి సారాంశం. 2017 సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం నాడు అప్పటి ఉపరాష్ట్రపతి శ్రీ ఎం. వెంకయ్య నాయుడు దీక్షా వేదికను ప్రారంభించిరి. పాఠ్యపుస్తకాలలోని క్యూ.ఆర్. కోడ్‌ను ఫోనుతో చూపినచో తెరుచుకొనే వీడియోలు, అభ్యాసాలు ఈ వేదికలోనివే. దీని వెనుకనున్న సన్‌బర్డ్ సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. వీడియో, పి.డి.ఎఫ్. ఫైళ్లతో పాటు హెచ్5పి పాఠాలను, వెబ్ పేజీల సంపుటిని కూడా ఇది స్వీకరించును. కావున పైన పేర్కొన్న ఉచిత ఉపకరణాలలో ఉపాధ్యాయులు తయారు చేసే పాఠాలు సాంకేతికంగా ఈ వేదికకు అనుకూలమైనవే. వేదికపై ఉంచుటకు ముందు సంబంధిత సంస్థ పరిశీలన ఎటులనూ ఉండును.

ఇంటర్నెట్ నిలకడగా లేని పాఠశాలల నిమిత్తం కోలిబ్రి అను ఉచిత వేదిక కలదు. ఒక కంప్యూటర్‌లో పాఠాలు నింపి, దానిని స్థానిక వై-ఫై ద్వారా మిగిలిన యంత్రాలకు అందించుట దీని పద్ధతి.

దృష్టిలోపం గల విద్యార్థుల విషయం వేదికల చర్చలో తరచుగా మరుగున పడుచున్నది. ఆస్ట్రేలియాలో 2006లో ప్రారంభమైన ఎన్.వి.డి.ఎ. అను ఉచిత సాఫ్ట్‌వేర్ తెరపై ఉన్న తెలుగును చదివి వినిపించగలదు. అయితే అది యూనికోడ్ అక్షరాన్ని చదువునే గాని చిత్రాన్ని చదువలేదు. పాఠ్యపుస్తకం పేజీని ఫొటో తీసి పాఠంలో అతికించినచో ఆ విద్యార్థికి వినిపించేది నిశ్శబ్దమే. చిత్రం పక్కన ఒక వాక్యంలో వివరణ రాసే గడి పై ఉపకరణాలలో దాదాపు అన్నింటా ఉన్నది. లాగి అతికించే అభ్యాసాలు ఈ పిల్లలకు అనుకూలం కావు కనుక, అదే ప్రశ్నకు బహుళైచ్ఛిక రూపం కూడా ఇవ్వవలెను.

అధికారులు పరిశీలించదగిన అంశాలు

ఉపకరణం సులభమా, కాదా అనునది ప్రదర్శన చూచి నిర్ణయించదగినది కాదు. విక్రేత చేతిలో ప్రతి సాఫ్ట్‌వేరూ సులభముగనే కనిపించును. ఇద్దరు ముగ్గురు స్కూల్ అసిస్టెంట్లను, ఒకరిద్దరు ఎస్.జి.టి.లను కూర్చోబెట్టి, రేపటి పీరియడుకు కావలసిన ఒక చిన్న పాఠం తెలుగులో తయారు చేయమని కోరుట సరియైన పరీక్ష. వారు ఎక్కడ ఆగిరో, ఎవరిని సహాయం అడిగిరో చూచినచో విషయం తేటతెల్లమగును. పాఠం తయారైన తరువాత దానిని మరొక ఉపాధ్యాయునికి ఇచ్చి ఒక ప్రశ్న మార్చమని కోరవలెను. ఈ రెండవ పరీక్షలో విఫలమయ్యే ఉపకరణాలు మొదటి పరీక్షలో విఫలమయ్యే వాటికంటే ఎక్కువ.

సమయం విషయంలో కూడా వాస్తవిక దృష్టి అవసరం. నలభై అయిదు నిమిషాల పీరియడుకు సరిపడు పాఠాన్ని, తప్పు జవాబుల వివరణలతో సహా, తీరికగా రాయుటకు ఉపాధ్యాయులకు అనేక గంటలు పట్టును. ఇది శిక్షణ లోపం కాదు, పని స్వభావమే అటువంటిది. అందుచేత ప్రతి ఉపాధ్యాయుడు ప్రతి పాఠం చేయవలెనని ఆదేశించుట కంటే, స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలలో పాఠ్యాంశాలను పంచుకొని, ఒక్కొక్కరు సంవత్సరానికి రెండు మూడు పాఠాలు బాగుగా చేసి ఇచ్చిపుచ్చుకొనుట ఆచరణయోగ్యము. అట్టముక్కలతో, పుల్లలతో చేసిన బోధనోపకరణాలను టి.ఎల్.ఎం. మేళాలలో పంచుకొనే అలవాటు మన ఉపాధ్యాయులకు ముందునుండి ఉన్నదే. కంప్యూటర్ పాఠం కూడా ఆ కోవలోనిదే.

కొనుగోలు ఒప్పందాలలో మూల ఫైళ్లు శాఖకు అప్పగించుట, తెలుగు పాఠ్యం యూనికోడ్‌లోనే ఉండుట, సవరించి తిరిగి పంచుకొనే హక్కు, ఇంటర్నెట్ లేకుండా నడుచుట అను నాలుగు షరతులు చేర్చుటకు అదనపు వ్యయం స్వల్పము. ఒప్పందం ముగిసిన తరువాత ఇవే షరతులు కోరినచో వ్యయం ఊహించుట కష్టం.

ఉపాధ్యాయులు స్వయంగా చేసిన పాఠాలకు సంబంధించి డైట్ లేదా మండల వనరుల కేంద్రంలో ఒక రిజిస్టరు నిర్వహించుట ఉపయుక్తము. పాఠం పేరు, తరగతి, ఏ సంవత్సరపు పాఠ్యపుస్తకం ప్రకారం చేసినది, వాడిన ఉపకరణం, దాని రూపాంతరం సంఖ్య, మూల ఫైలు భద్రపరచిన చోటు, చివరిసారి తెరిచి చూచిన తేదీ అందులో నమోదు చేయవలెను. చివరి గడిని ఏటా జూన్‌లో పాఠశాలలు తెరిచే వేళ నింపినచో, తెరుచుకొనని పాఠం తరగతిలో పిల్లల ఎదుట కాక, ముందుగానే బయటపడును.